17 కిలోల పులి

ఆస్ట్రేలియాలో బ్యాండికూట్ అని ఒక చిన్న జంతువుంది. పొడుగు మూతి, కుందేలుకి కాస్త అటూఇటూ సైజు, పొట్ట కింద పిల్లల్ని పెట్టుకునే సంచి. ఆ పేరు మన దగ్గర్నించి పోయిందే. మన పందికొక్కుకి నోరు తిరక్క ఇంగ్లీషువాళ్ళు బ్యాండికూట్ అన్నారు, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో అదే తీరుగా మట్టి తవ్వుకుంటూ తిరిగే జంతువు కనిపించేసరికి దానికీ అదే తగిలించేశారు. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. మనది ఎలుకల జాతి, అది కంగారూల వైపు మనిషి (మనిషి అని ఊరికే అన్నాను). ఈ తప్పు పేరు వల్ల బ్యాండికూట్‌కి పోయిందేమీ లేదు. కానీ అదే అడవుల్లో, అలాంటి చిన్న జంతువుల్ని పట్టుకుని తిని బతికిన ఇంకో జంతువుకి కూడా ఇలాగే పేర్లు పెట్టారు. వీపు మీద చారలున్నాయని పులి అన్నారు, మొహం చూసి తోడేలు అన్నారు, కొందరు హైనా అని కూడా అన్నారు. ఆ పేర్లు దానికి చాలా ఖరీదు పడ్డాయి.

దాని అసలు పేరు థైలసీన్, ఇప్పుడు అంతరించిపోయింది. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో డిప్యూటీ సర్వేయర్‌గా పనిచేసిన జార్జ్ హ్యారిస్ 1808లో దీని గురించి మొదటిసారి శాస్త్రీయంగా రాశాడు. సంచి చూసి దీన్ని అమెరికాలో ఉండే ఒపోసమ్ అనే సంచి జంతువుల జాబితాలో వేశాడు, తల చూసి కుక్క తలది అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అంటే మొదటి రోజు నుంచే దీని పేరులో ఒకదానితో ఒకటి పొసగని రెండు జంతువులున్నాయి. ముక్కు నుంచి తోక మొదలు వరకు మీటరు పైన, తోక ఇంకో అర మీటరు, భుజం దగ్గర ఎత్తు 60 సెంటీమీటర్ల దాకా. ఇసుక రంగు ఒళ్ళు, నడుము మీద మొదలై తోక మొదలు దాకా అడ్డంగా 13 నుంచి 21 వరకు నల్ల చారలు. తోక మాత్రం కుక్క తోక కానే కాదు. నడుము నుంచే మందంగా మొదలై సన్నబడుతూ పోయే బిరుసు తోక, కంగారూ తోకలాగా. దాన్ని ఊపడం దీనివల్ల అయ్యే పని కాదు.

ఇక పుర్రె సంగతి. తోడేలు పుర్రెనీ థైలసీన్ పుర్రెనీ పక్కపక్కన పెడితే మామూలు మనిషికి ఏది ఏదో తెలీదు. ఆక్స్‌ఫర్డ్‌లో జంతుశాస్త్రం విద్యార్థులకి ప్రాక్టికల్ పరీక్షలో ఈ పుర్రె పెట్టి తికమక పెట్టేవాళ్ళని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. చిట్కా తెలిస్తే సులువే. పుర్రెని తిరగేసి అంగిలి చూడాలి, వెనకవైపు ఎముకలో రెండు పెద్ద చిల్లులు కనిపిస్తే థైలసీన్. లేదంటే ముందుపళ్ళు లెక్కపెట్టండి: పై దవడలో కుక్కకి 6 ఉంటాయి, దీనికి 8. మొత్తం పళ్ళు కుక్కకి 42, దీనికి 46. ఇంకో తేడా పైకి కనపడదు. కుక్కకీ మనకీ పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వస్తాయి కదా, సంచి జంతువుల్లో ఒక్కో దవడలో ఒక్కో పక్క ఒక్క పన్నే అలా మారుతుంది, మిగతావన్నీ మొదటిసారి వచ్చినవే చివరిదాకా. ఎందుకో తర్వాత చెప్తాను, ఆ సంచికి దీంతో సంబంధం ఉంది.

ఇంత పోలిక ఎలా వచ్చింది? కుక్కకీ థైలసీన్‌కీ ఉమ్మడి పూర్వీకుడు బతికింది దాదాపు 16 కోట్ల ఏళ్ళ కింద, డైనోసార్లు తిరిగే కాలంలో. అక్కడ క్షీరదాల దారి రెండుగా చీలింది. ఒక వైపు, పిల్లని కడుపులోనే మాయ ద్వారా చాలాకాలం పోషించి కనేవి: మనం, ఆవు, ఏనుగు, గబ్బిలం, తిమింగలం, కుక్క. రెండో వైపు, అర్ధాంతరంగా కనేసి పాలతో పెంచే సంచి జంతువులు: కంగారూ, కోయలా, టాస్మానియన్ డెవిల్, థైలసీన్. అంటే లెక్కప్రకారం కుక్కకి థైలసీన్ కంటే తిమింగలమే దగ్గర చుట్టం. వినడానికి విడ్డూరంగా ఉన్నా చుట్టరికం అంటే అదే, మొహం పోలిక కాదు. థైలసీన్‌కి బతికున్న చుట్టాల్లో చెప్పుకోవాల్సింది చెదపురుగులు తిని బతికే నంబాట్ అనే చిన్న చారల జంతువు, దాంతోపాటు టాస్మానియన్ డెవిల్, క్వోల్ (రెండూ మాంసం తినే చిన్న సంచి జంతువులు).

దూరపు జీవులు ఒకే రకం బతుకు బతకడం వల్ల ఒకే ఆకారానికి చేరుకోవడాన్ని కన్వర్జెంట్ ఎవల్యూషన్ అంటారు, మన పుస్తకాల్లో అభిసారి పరిణామం. షార్కూ డాల్ఫినూ అందరూ చెప్పే ఉదాహరణ, కానీ నన్నడిగితే థైలసీన్ అంతకంటే గొప్పది, ఎందుకంటే నీళ్ళలో ఈదేదానికి ఆకారం ఎంచుకోవడానికి పెద్దగా దారులు ఉండవు, నేల మీద వేటాడేదానికి ఎన్నో ఉంటాయి, అయినా ఈ రెండూ ఒకే మూతికి వచ్చి చేరాయి. మరి జన్యువులు కూడా ఒకేలా మారాయా? మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ పాస్క్ బృందం, 1909 నుంచి ఆల్కహాల్ సీసాలో నిలవ ఉన్న ఒక థైలసీన్ పిల్ల నుంచి డీఎన్‌ఏ తీసి, మొత్తం జన్యుపటం గీసి 2017 చివర్లో ప్రచురించింది. కుక్కల జాతి జన్యువులతో పోల్చి చూశారు. ప్రోటీన్లు తయారుచేసే జన్యువుల్లో, ఈ మొహం పోలికకి కారణం అని చెప్పదగ్గ ఉమ్మడి మార్పులు కనపడలేదు. మరి పోలిక ఎక్కడిది అంటే, ఆ జన్యువులు ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు పనిచేయాలో చెప్పే స్విచ్‌ల్లాంటి డీఎన్‌ఏ ముక్కల్లో వెతకాలని వాళ్ళ అంచనా. ఇటుకలు ఎవరివి వాళ్ళవే, మేస్త్రీలు మాత్రం ఒకే ప్లాను పట్టుకుని కట్టినట్టు.

ఇక్కడిదాకా తోడేలు అన్న పేరుకి కొంత న్యాయం ఉందనే అనిపిస్తుంది. తూకం దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది.

చాలాకాలం పుస్తకాల్లో థైలసీన్ సగటు బరువు 29 కిలోల పైన అని రాస్తూ వచ్చారు. పాత రికార్డుల్లో నిజంగా తూచిన జంతువులు తక్కువ, చంపినవాడు చెప్పిన కాకిలెక్కలు ఎక్కువ. చేప పట్టినవాడు చేతులు చాపి చూపించే కొలతలాంటిదే ఇదీ. 2020లో మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ రోవిన్‌స్కీ, ఆయన బృందం మ్యూజియంలలో ఉన్న అస్థిపంజరాలనీ గడ్డి కూరిన ఒళ్ళనీ త్రీడీ స్కాన్ చేసి, కొలిచి, లెక్కకట్టారు. సగటు 16.7 కిలోలు తేలింది. మగవి 19.7, ఆడవి 13.7. అంటే మన వీధి చివర పడుకునే ఊరకుక్క అంత. మగదానికీ ఆడదానికీ అంత తేడా ఉందన్న సంగతి కూడా అంతకుముందు ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు.

ఈ సంఖ్య ఎందుకంత ముఖ్యం అంటే, మాంసాహారుల్లో సుమారు 21 కిలోల దగ్గర ఒక గీత ఉంటుంది. ఆ గీత పైనున్న జంతువుకి పురుగూపుట్రా ఎలుకలతో కడుపు నిండదు, వేటకి పెట్టిన ఖర్చు కూడా రాదు, అందుకని తన అంతటి జంతువునో తనకంటే పెద్దదాన్నో పడగొట్టక తప్పదు. గీత కింద ఉన్నవి ఎక్కువగా తనలో సగం బరువు కూడా లేనివాటితో సరిపెట్టుకుంటాయి. 29 కిలోల థైలసీన్ గీతకి పైన ఉంటుంది, 17 కిలోలది కింద. పాత లెక్క ప్రకారం అది గొర్రెల్ని పడగొట్టే జంతువు, కొత్త లెక్క ప్రకారం పోసమ్‌లనీ (చెట్లెక్కే చిన్న సంచి జంతువుల్ని) బ్యాండికూట్‌లనీ పట్టుకునే జంతువు. దీనికి మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి, మన నల్లమలలో తిరిగే రేచుకుక్కే ఒకటి. అదీ ఇంచుమించు ఇంతే బరువు, కానీ దుప్పినీ కణితినీ కూడా పడేస్తుంది, ఎందుకంటే అది గుంపుగా వస్తుంది. థైలసీన్ ఒంటరిగానో, జంటగానో, పిల్లలు వెంట ఉంటే చిన్న కుటుంబంగానో తిరిగేది. గుంపు లేని రేచుకుక్క అనుకోండి.

పుర్రె కూడా అదే మాట చెప్తోంది. అదే బృందం 2021లో పుర్రెల ఆకారాలు పోల్చి చూస్తే, థైలసీన్ పుర్రె తోడేలు కంటే నక్కలకీ, ఆఫ్రికాలో ఉండే జాకాల్‌లకీ, అంటే చిన్న వేటతో బతికేవాటికి బాగా దగ్గరగా వచ్చింది. అంతకుముందు 2011లో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఈ పుర్రెని కంప్యూటర్‌లో మోడల్ చేసి, వంతెన కట్టే ఇంజనీరు బరువు మోపి చూసినట్టు, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో చూశారు. కాటు బలహీనం ఏమీ కాదు. కానీ పట్టుకున్న జంతువు పెద్దదై గింజుకుంటే ఆ పొడుగు మూతి మీద పడే ఒత్తిడి, డెవిల్, క్వోల్‌లతో పోలిస్తే చాలా ఎక్కువ. అలాంటి దవడతో పెద్ద గొర్రెని పట్టి ఈడ్చడం అంటే తన మూతి తానే విరగ్గొట్టుకోవడం. నా మటుకు నాకు ఇది గట్టి సాక్ష్యం, అయితే వలసొచ్చినవాళ్ళ రాతల్లో ఇది వాలబీలని (చిన్న కంగారూల్ని) వేటాడినట్టు చాలాచోట్ల ఉంది, వాటిని పూర్తిగా కొట్టిపారేయడమూ కుదరదు. గొర్రెపిల్లని ఎప్పుడైనా ఎత్తుకెళ్ళి ఉండొచ్చు. మందలకి మందలు నాశనం చేయడం వేరు.

అందరికీ గుర్తుండేది ఆ నోరు. 1933 డిసెంబరులో డేవిడ్ ఫ్లే అనే ప్రకృతి శాస్త్రవేత్త టాస్మానియా రాజధాని హోబార్ట్‌లోని జంతుప్రదర్శనశాలలో దీన్ని ఫిల్ము తీశాడు, దాంట్లో అది ఆవలించినట్టు నోరు తెరుస్తుంది, 80 డిగ్రీల దాకా తెరుచుకుంటుందంటారు. చూస్తే నిజంగా ఒళ్ళు జలదరిస్తుంది. అది ఆవలింత కాదు, దగ్గరికి రావొద్దని బెదిరింపు. ఫ్లేకి అది అర్థం కాలేదో, అర్థమైనా పట్టించుకోలేదో, ఫిల్ము తీస్తుండగానే పిర్ర మీద కరిపించుకున్నాడు. నోరు అంత తెరుచుకుంటే కాటు అంత భయంకరం అనుకోవడం సహజం, కానీ దవడల్లో మామూలుగా ఉండే బేరం ఇది: ఎక్కువ తెరుచుకునేలా కండరాలు అమరితే, బిగించి పట్టే బలంలో ఎంతో కొంత వదులుకోవాల్సి ఉంటుంది.

వేటాడే పద్ధతి మీద ఇంకో గొడవ. పాతకాలం వాళ్ళు ఇది పరుగులో గొప్పది కాదని, కానీ వదలకుండా వెంటపడి వేటని అలవగొట్టేదని రాశారు, అంటే తోడేలు పద్ధతి. 2011లోనే బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి బోర్హా ఫిగైరిడో, క్రిస్టీన్ జానిస్ దీని మోచేతి కీలు చూశారు. మీ అరచేయి పైకీ కిందికీ తిప్పి చూడండి, ఆ తిప్పడం మోచేతి దగ్గర ఎముక చివర ఆకారం మీద ఆధారపడుతుంది. తోడేళ్ళకీ కుక్కలకీ ఆ తిప్పడం చాలావరకు పోయింది, చేయి ముందుకీ వెనక్కీ ఊగే పరుగు యంత్రమైపోయింది. పిల్లి జాతికి అది మిగిలింది, అందుకే పులి పంజాతో వేటని ఒడిసిపట్టగలదు. థైలసీన్ మోచేయి పిల్లి వైపు మొగ్గింది. అంటే పొదల్లోంచి దగ్గరికొచ్చి, ఒక్క ఉరుకులో పట్టుకునే రకం అని వాళ్ళ తీర్పు. మరి పులి అన్నవాళ్ళే గెలిచారా? అలాగని కూడా చెప్పలేం. ముడుచుకునే గోళ్ళు లేవు, పంజాలో ఆ బలం లేదు. దీని కాళ్ళు దేనికీ పూర్తిగా అంకితం కాలేదు, అన్నిటికీ కొంత కొంత పనికొచ్చేట్టు ఉన్నాయి.

అలా అన్నిటికీ పనికొచ్చేట్టు ఎందుకున్నాయన్న దానికి ఒక జవాబు పుట్టుకలోనే ఉందంటారు, నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాగా నచ్చేది ఇదే. సంచి జంతువు పిల్ల పుట్టేటప్పుడు బియ్యపు గింజంత ఉంటుంది, కళ్ళు రాలేదు, వెనక కాళ్ళు ఇంకా మొగ్గలు, అయినా ముందు కాళ్ళతో తల్లి బొచ్చు పట్టుకుని పాకుతూ సంచిలోకి చేరి చనుమొన నోట పట్టాలి. పట్టిందంటే ఇక నెలల తరబడి అక్కడే. పళ్ళు మారకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చంటారు: అంతకాలం నోట్లో చన్ను ఇరుక్కుని ఉండగా పాలపళ్ళు వచ్చి ఊడే తంతుకి చోటెక్కడుంది? అలాగే పుట్టగానే పాకాల్సిన ముందు కాళ్ళు ఏ గిట్టలుగానో తెడ్లుగానో మారడానికి వీల్లేదు. సంచి జంతువుల్లో గుర్రం లాంటిది గానీ తిమింగలం లాంటిది గానీ రాకపోవడానికి చాలామంది చెప్పే వివరణ ఇదే. పుట్టిన మొదటి రోజు చేయాల్సిన పని, ఆ జాతి భవిష్యత్తు మొత్తానికీ హద్దు గీసిందన్నమాట.

థైలసీన్ సంచి వెనక్కి తెరుచుకునేది, లోపల నాలుగు చనుమొనలు. కంగారూ సంచి ముందుకి తెరుచుకుంటుంది కదా, నాలుగు కాళ్ళ మీద పొదల్లో పడి తిరిగేదానికి అలా ఉంటే ముళ్ళూ పుల్లలూ లోపలికి పోతాయి. మగదానికీ ఒక సంచి లాంటి చర్మపు మడత ఉండేది, పిల్లల కోసం కాదు, వృషణాల్ని దెబ్బ తగలకుండా లోపలికి లాక్కోవడానికి. మగవాటికీ ఇలాంటి ఏర్పాటున్న సంచి జంతువు ఇప్పుడు బతికున్నవాటిలో దక్షిణ అమెరికా నీటి ఒపోసమ్ ఒక్కటే. 2018లో మ్యూజియంలలో ఉన్న సంచి పిల్లల శరీరాల్ని కోయకుండా సీటీ స్కాన్ చేశారు. థైలసీన్ అని చీటీ అంటించి ఉన్న 13 పిల్లల్లో రెండు అసలు థైలసీన్‌లే కాదని తేలింది! మిగతావాటిని వయసు వరసలో పెట్టి చూస్తే, మొదట్లో ఏ సంచి పిల్లకీ తేడా లేకుండా ఉండి, సంచిలోంచి బయటికొచ్చే సమయానికి, అంటే దాదాపు 12 వారాలకి, కుక్కపిల్ల రూపు వచ్చేసింది.

బియ్యపు గింజంత పిల్ల అన్న ఈ ఒక్క సంగతి మీదే ఇప్పుడొక పెద్ద వ్యాపారం నిలబడి ఉంది. కొలోసల్ బయోసైన్సెస్ అనే అమెరికా కంపెనీ పాస్క్ బృందంతో కలిసి థైలసీన్‌ని మళ్ళీ పుట్టిస్తామని 2022లో ప్రకటించింది. పద్ధతి ఏమిటంటే, డనార్ట్ అని చిట్టెలుకంత సంచి జంతువుంది, దాని కణాల్లో డీఎన్‌ఏని థైలసీన్ డీఎన్‌ఏకి సరిపోయేట్టు మార్చుకుంటూ పోవడం. ఏనుగు లాంటిదాన్ని పుట్టించాలంటే ఏనుగు గర్భమే కావాలి, ఇక్కడ పుట్టేటప్పుడు పిల్ల గింజంతే కాబట్టి చిట్టెలుకంత తల్లి అయినా కనగలదని లెక్క. ఆలోచన తెలివైనదే. కానీ అలా పుట్టేది థైలసీన్ కాదు, బాగా దిద్దిన డనార్ట్. అది కూడా గింజ దశ దాటాక ఏ సంచిలో పెరగాలి, ఏ పాలు తాగాలి, పోసమ్‌ని ఎలా పట్టాలో ఎవరు నేర్పాలి అన్నవి ల్యాబులో స్విచ్ నొక్కి తేల్చేవి కావు.

పోయిన తీరు గురించి క్లుప్తంగా చెప్తాను, అందరూ రాసేది అదే కాబట్టి. ఒకప్పుడు ఆస్ట్రేలియా ఖండమంతా, న్యూగినీలో కూడా ఉండేవి, ఉత్తరాన కకాడు జాతీయ ఉద్యానవనంలోని ఉబిర్ దగ్గర రాతి మీద ఆదివాసులు గీసిన బొమ్మ ఇప్పటికీ కనిపిస్తుంది. ఖండం మీద సుమారు 3,200 ఏళ్ళ కింద అంతరించాయి. అంతకు కొద్ది వందల ఏళ్ళ ముందే డింగో కుక్కలు వచ్చాయి, దాంతో నేరం డింగో మీదే వేస్తారు. కరువులు, పెరిగిన మనుషుల వేట కూడా ఆ కాలానివే, ఏది ఎంత అన్నది ఇంకా తెగలేదు. అప్పటికే సముద్రం పెరిగి వేరుపడిన టాస్మానియాకి డింగోలు చేరలేదు, థైలసీన్‌లు మిగిలాయి. అయితే జన్యుపటం ప్రకారం వీటిలో వైవిధ్యం దాదాపు 70 వేల ఏళ్ళకి ముందు నుంచే పడిపోతూ వచ్చింది, అంటే మిగిలినవి కూడా అంత గట్టి పునాది మీద లేవు. అప్పుడు గొర్రెలొచ్చాయి.

1830లో టాస్మానియాలో గొర్రెలు పెంచే వాన్ డీమెన్స్ లాండ్ కంపెనీ, థైలసీన్‌ని చంపితే తలకింత అని రివార్డు పెట్టింది. గొర్రెల్ని చంపేది ఊరు మీద పడ్డ పెంపుడు కుక్కలూ, దొంగలూ అని తెలిసినా, నష్టానికి కారణం చెప్పుకోవడానికి తోడేలు అని పేరున్నది ఒకటి పక్కనే ఉంది. 1886లో టాస్మానియా శాసనసభలో ప్రభుత్వ రివార్డు తీర్మానం 12కి 11 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో, నెగ్గింది. 1888 నుంచి 1909 వరకు పెద్దదానికి ఒక పౌను, పిల్లకి పది షిల్లింగుల చొప్పున 2,184 జంతువులకి ఖజానా నుంచి డబ్బు చెల్లించారు. దానికి తోడు జబ్బు ఒకటి తిరిగింది, అడవులు కొట్టేశారు. 1936 జులై 10న చట్టపరంగా రక్షణ వచ్చింది. అప్పటికి తెలిసినంతలో ఒక్కటే ఉంది, హోబార్ట్ జూలో. 59 రోజులు తిరిగేసరికి, సెప్టెంబరు 7న, అదీ పోయింది.

ఆ చివరిది మగదా ఆడదా అని కూడా ఏళ్ళ తరబడి తగువు నడిచింది. బెంజమిన్ అని మగపేరు ఒకటి ప్రచారంలో ఉంది, అది కట్టుకథ. ఫ్లే ఫిల్ములో ఉన్నది మగదే, కానీ అది చివరిది కాదు. చివరిదాని శరీరం ఏమైందో 85 ఏళ్ళకి పైగా ఎవరూ చెప్పలేకపోయారు. 2022లో రాబర్ట్ పాడిల్, క్యాథరిన్ మెడ్‌లాక్ మ్యూజియం పాత కాగితాలు తవ్వితే, అది ఒక ముసలి ఆడ థైలసీన్ అని, ఉచ్చు వేసి పట్టడం చట్టవిరుద్ధం కాబట్టి జూ దాన్ని కొన్న సంగతి ఎక్కడా రాయలేదని బయటపడింది. చర్మమూ ఎముకలూ హోబార్ట్‌లోని టాస్మానియన్ మ్యూజియంలోనే, ఒక బీరువాలో ఉన్నాయి. అన్నిట్లోకీ మంచి స్థితిలో ఉన్న చర్మం అదే కాబట్టి, మ్యూజియంవాళ్ళు ఏళ్ళ తరబడి దాన్నే ఊరూరా బడులకి తీసుకెళ్ళి పిల్లలకి చూపించేవాళ్ళు, అది చివరిదని వాళ్ళకీ తెలీదు.